బొంతకు ముందు ఉతుకు



చలి మొదలవుతున్నదంటే హైదరాబాద్ పాతబస్తీలో రెండు పనులు ఊపందుకుంటాయి. ఒకటి, రజాయిలు విప్పి దూది ఏకించి మళ్ళీ నింపించుకోవడం. రెండోది, బొంతలు కుట్టుకోవడం. ఈ పూట నేను మాట్లాడేది బొంతల గురించి. అందులోనూ ఒకే ఒక చిక్కు గురించి. ఎరుపు, నలుపు, నీలం, తెలుపు ముక్కలు పక్కపక్కన పేర్చి, సన్నటి టాకాలు వేసి, నెలల తరబడి కుట్టిన బొంత మొదటి ఉతుకులోనే రంగు దిగుతుంది. తెల్ల ముక్కలు గులాబీ రంగుకు తిరుగుతాయి. పసుపు ముక్కల అంచుల్లోకి నీలం పాకుతుంది. కుట్టిన మనిషికి అప్పుడు కలిగే బాధ చిన్నది కాదు. గుడ్డ మళ్ళీ కొనుక్కోవచ్చు. కూర్చుని కుట్టిన ఆ పొద్దులు తిరిగి రావు.

ఈ బాధ మన అమ్మమ్మలకు, నాయనమ్మలకు పెద్దగా తెలియదు. వాళ్ళు తెలివిగా రంగులు ఏరుకున్నారని కాదు. వాళ్ళ బొంతంతా పాత చీరలే. నాలుగైదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, పైనా కిందా కాస్త బాగున్నవి వేసి, చిరుగులు పట్టినవి మధ్యలో దాచి, చుట్టూ అంచు మడిచి, పెద్ద సూదితో వరసగా కుట్టుకుంటూ పోయేవారు. ఆ చీర బొంతలోకి వచ్చేసరికి ఎన్నో ఏళ్ళు కట్టినది. చాకిరేవులో బండకేసి బాదినది. సోడా వేసిన ఉడుకు నీళ్ళలో నానినది, ఎండలో ఆరినది. వదలాల్సిన రంగంతా ఎప్పుడో వదిలేసింది, మిగిలింది నూలులో పాతుకున్న రంగే. అందుకే ఎర్ర చీర పక్కన తెల్ల పంచె ముక్క వేసినా ఏమీ కాలేదు. పాత గుడ్డతో కుట్టడం పొదుపు కోసమే అనుకుంటాం. పొదుపు నిజమే. దానితోపాటు దిగని రంగు కూడా వాళ్ళకు ఉచితంగా దొరికింది.

ఇప్పుడు బొంత తీరు మారింది. రకరకాల ముక్కలు ఏరి, చతురస్రాలుగా, త్రికోణాలుగా కోసి, రంగుకు రంగు జోడించి కుడుతున్నారు. పాపకు పెట్టాలన్నా, పెళ్ళికూతురికి ఇవ్వాలన్నా కొత్త గుడ్డే కావాలంటున్నారు. ఆ గుడ్డ కోసం మదీనా దగ్గర దిగి, పత్తర్‌గట్టి కమానుల కింద నడిచి, పటేల్ మార్కెట్‌లోకి, రికాబ్‌గంజ్‌లోకి, ఘాన్సీబజార్‌లోకి వెళ్తాం. అక్కడ తాను తానుగా పేర్చి ఉంటుంది. కట్‌పీసులు విడిగా పోసి ఉంటాయి. దర్జీల దగ్గర మిగిలిన చిందీలు మూటలుగా దొరుకుతాయి. చూడగానే చెయ్యి ఆగదు. ఆ ముక్కల్లో చాలావాటికి ఇంట్లో ఒక్కసారి కూడా నీళ్ళు తగలలేదు. దర్జీ కత్తిరించిన కొత్త గుడ్డ అంచులే కదా చిందీలు. అడిగితే దుకాణంలో వచ్చే జవాబు మనందరికీ తెలుసు. "పక్కా రంగ్ హై, బేఫికర్ రహో" అంటారు, రంగు దిగదు, దిగులు పడకండి అని. కొన్నిసార్లు అది నిజమే. కొన్నిసార్లు ఆయనకూ తెలియదు. ఎక్కడో అద్దిన గుడ్డ, ఎన్నో చేతులు మారి ఆయన దగ్గరికి వచ్చింది. నా ఉద్దేశంలో ఆయనను తప్పు పట్టడం కన్నా, ఆ గుడ్డ మీద జరగకుండా మిగిలిపోయిన పనిని మనం ఇంట్లో పూర్తి చేయడం మేలు.

జరగకుండా మిగిలిపోయిన పని అన్నాను. అదే ఈ ప్రసంగం మొత్తానికి కీలకం. రంగు వేయడం అంటే రంగునీళ్ళలో ముంచి తీయడం అనుకుంటాం. అది సగం పని. గుడ్డ పట్టుకోలేక పైపైన మిగిలిపోయిన రంగును కడిగి తీసేయడం రెండో సగం. ఆ రెండో సగానికి బోలెడు నీళ్ళు, నిప్పు, సమయం కావాలి. ధర తగ్గించాలంటే మొదట కోత పడేది దానికే. అప్పుడు ఆ కడుగు మన ఇంటి బకెట్‌లో జరుగుతుంది. మనం ముందే విడిగా చేస్తే ఏ ముక్కకూ నష్టం లేదు. చేయకపోతే అదే కడుగు బొంత లోపల జరుగుతుంది.

ఈ మాట తెలుగునేలకు కొత్త కాదు. హైదరాబాద్ నగరం 1591లో గోల్కొండ రాజ్యంలో పుట్టింది. ఆ రాజ్యానికి అప్పుడు పెద్ద రేవు మచిలీపట్నం. అక్కడి నుంచి ఓడలెక్కిన అద్దకపు బట్టలకు, కలంతో రాసిన బట్టలకు దేశదేశాల్లో పేరు వచ్చింది. బొమ్మల అందం ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం, ఎన్ని ఉతుకులు ఉతికినా ఆ రంగు పోకపోవడం. విలియం మెథ్‌వొల్డ్ అనే ఇంగ్లిష్ వర్తకుడు 1618 నుంచి 1622 దాకా మచిలీపట్నంలో ఉన్నాడు. గోల్కొండ రాజ్యం గురించి ఆయన రాసినది 1626లో లండన్‌లో అచ్చయింది. ఈ తీరపు బట్టల రంగు గుడ్డ చిరిగేదాకా ఉంటుందని అందులో ఆశ్చర్యపడ్డాడు. ఆ ఎరుపునిచ్చే వేరు గురించి కూడా రాశాడు. అది మన చిరివేరు.

ఐరోపావాళ్ళకు అప్పట్లో నూలు మీద ఉతుకుకు అంతగా నిలిచే రంగులు వేయడం చేతకాలేదు. మన బట్టలు అక్కడికి చేరేసరికి జనం ఎగబడ్డారు. అక్కడి నేతగాళ్ళు గోల పెట్టారు. ఫ్రాన్స్ 1686లో మన అద్దకపు బట్టలను నిషేధించి 1759 దాకా ఆ నిషేధాన్ని ఉంచింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో మరింత గట్టి చట్టం చేసింది. గుడ్డలో రంగు నిలిచినందుకు రాజ్యాలు చట్టాలు చేశాయంటే ఆ పనితనం ఎంతటిదో ఊహించండి. బొంతకు సంబంధించిన సంగతి కూడా ఒకటుంది. ఇంగ్లండ్ ఉత్తర భాగంలో లెవెన్స్ హాల్ అనే పాత భవనంలో ముక్కలతో కుట్టిన ఒక బొంత ఉంది. 1708 ప్రాంతానిదని చెబుతారు. ఇంగ్లండ్‌లో మిగిలిన ముక్కల బొంతల్లో అత్యంత పాతవాటిలో అదొకటి. అందులోవి భారతదేశం నుంచి వెళ్ళిన అద్దకపు బట్టల ముక్కలు. మూడు వందల ఏళ్ళయినా వాటి రంగులు పోల్చుకోవచ్చు.

ఆ రంగు అంత గట్టిగా ఎలా నిలిచింది? ఈ రోజుకీ మచిలీపట్నం పక్కన పెడనలో పాత పద్ధతిలో కలంకారీ వేసేవాళ్ళు దాదాపు అదే వరసలో పని చేస్తారు. ముందు గుడ్డలోని గంజి, జిడ్డు పోయేలా కడుగుతారు. తరవాత కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు. పటిక కలిపిన అచ్చు వేస్తారు. నలుపు కావలసినచోట ఇనుము, బెల్లం పులియబెట్టిన నీళ్ళతో వేస్తారు. అప్పుడు పారే నీటిలో కడుగుతారు. నిలవ నీళ్ళు పనికిరావు. గుడ్డ పట్టుకోని పటిక ఆ నీళ్ళలోనే ఉండిపోయి, తెల్లగా ఉండాల్సిన చోట అంటుకుంటుంది. పారే నీరు దాన్ని తీసుకుపోతుంది. తరవాతే రంగునిచ్చే వేళ్ళు, చెక్కలు, ఆకులు వేసి రాగి కాగుల్లో ఉడకబెడతారు. మళ్ళీ కడుగుతారు, ఎండబెడతారు. లెక్క చూస్తే రంగు వేసే ఘడియల కన్నా కడిగే ఘడియలే ఎక్కువ. నల్లగొండ వైపు పుట్టపాకలో తేలియా రుమాళ్ళు నేసేవాళ్ళది ఇంకా ఓపిక. నూలుకు నూనె, ఆముదపు కాయల బూడిద నీళ్ళు రోజుల తరబడి పట్టిస్తారు, ఆరబెడతారు, మళ్ళీ పట్టిస్తారు. ఆ తరవాతే ఎరుపు. ఆ నూనె వల్ల ఎరుపు నూలులోకి దిగి కూర్చుంటుంది.

ఇప్పుడు మన చార్మినార్ వైపు సందుల్లోకి వద్దాం. లాడ్‌బజార్ చుట్టుపక్కల రంగ్రేజుల దుకాణాలు మీరు చూసే ఉంటారు. పొయ్యి మీద డేగ్చీ మరుగుతుంటుంది. డబ్బాల్లో రంగుపొడులు ఉంటాయి. మనం ఒక సూటు ముక్క చూపిస్తే, దానికి సరిపోయేలా దుపట్టాకు అక్కడికక్కడే రంగు వేసి ఇస్తారు. ఖడా దుపట్టాకు కావలసిన ఛాయ ఎంత చిన్న తేడా లేకుండా కలుపుతారో చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. చిటికెడు ఇది, రవ్వంత అది, అంతే. తూకం లేదు, కొలత లేదు, కన్నే కొలత. కాకపోతే ఆ పని తీరే వేరు. ఆ దుపట్టాను వేడుకలకు కప్పుకుంటారు, రోజూ ఉతకరు. అరగంటలో వేసిన రంగుకు వారాల తరబడి చేసిన కలంకారీ కడుగు ఎక్కడి నుంచి వస్తుంది? రంగ్రేజ్ దాచడు. "అలగ్ ధోనా" అని, అంటే విడిగా ఉతకమని, చెప్పే ఇస్తాడు. ఆ దుపట్టా పాతబడ్డాక దాన్ని కత్తిరించి బొంతలో వేసేటప్పుడు మనమే ఆ మాట మరిచిపోతాం.

ఎందుకు కొన్ని రంగులు దిగుతాయి, కొన్ని దిగవు? కాస్త రసాయనం చెప్పక తప్పదు. 1884లో జర్మనీలో కాంగో రెడ్ అనే రంగు కనిపెట్టారు. పటికలా రంగును పట్టి ఉంచే పదార్థం ఏదీ లేకుండా, ఉడుకు నీళ్ళలో వేసి నూలు ముంచితే చాలు, ఎక్కేస్తుంది. ఈ జాతి రంగులను డైరెక్ట్ రంగులంటారు. సులువుగా ఎక్కుతాయి, సులువుగానే దిగుతాయి. నూలు పోగును ఆనుకుని ఉంటాయంతే, దానితో కలిసిపోవు. ఉతికినప్పుడల్లా కొంత వదులుతూనే ఉంటాయి. 1956లో రియాక్టివ్ రంగులు బజారులోకి వచ్చాయి. ఇవి నూలుతో నిజంగానే రసాయన బంధం వేసుకుంటాయి. ఆ బంధం ఉతుకుకు తెగదు. కానీ వేసిన రంగంతా బంధం వేసుకోదు. మామూలుగా నూటికి 60 నుంచి 80 పాళ్ళు పట్టుకుంటే, మిగిలినది నీళ్ళతోనే కలిసి చెడి, గుడ్డలో ఊరికే ఇరుక్కుని ఉంటుంది. ఆ మిగిలినది ఉడుకు నీళ్ళలో పదేపదే కడిగితేనే పోతుంది. అద్దకం చేసినవాళ్ళు కడిగి ఉంటే మంచిది, లేకపోతే మనమే కడగాలి. ఒకసారి పూర్తిగా కడిగాక ఆ గుడ్డ మామూలు ఉతుకులకు ఇక దిగదు. నీలిమందు సంగతి వేరే. అది నీళ్ళలో కరగదు, పోగు మీద సన్నని పొడిలా పట్టి ఉంటుంది, అందుకని ఒరిపిడికి రాలుతుంది. నాఫ్తాల్ ఎరుపులు, మెరూన్లు కూడా సబ్బునీళ్ళలో సరిగా ఉడకబెట్టకపోతే అలాగే ఒరిపిడికి అంటుతాయి. పాలియెస్టర్ కలిసిన గుడ్డతో సాధారణంగా ఈ గొడవ తక్కువ. కాకపోతే దాని మీద పడుకుంటే నూలు సుఖం ఉండదు.

అయితే చేతిలో ఉన్న ముక్క ఏ జాతిదో ఎలా తెలుస్తుంది? అది మనకు తెలియనక్కర్లేదు. పరీక్ష చేస్తే చాలు. మొదటిది ఒరిపిడి పరీక్ష. తెల్లటి పాత పంచె ముక్కను తడిపి పిండి, వేలికి చుట్టి, కొత్త గుడ్డ మీద గట్టిగా పదిసార్లు రుద్దండి. రెండోది నీళ్ళ పరీక్ష. గాజు గ్లాసులో వేడి నీళ్ళు పోసి, చిటికెడు డిటర్జెంట్ వేసి, కొత్త గుడ్డ నుంచి చిన్న ముక్క, దానికి కుట్టిన తెల్ల నూలు ముక్క రెండూ వేసి అరగంట ఉంచండి. తరవాత రెండింటినీ కలిపే తీసి, విడదీయకుండా ఆరబెట్టండి. చూడాల్సింది నీళ్ళ రంగు కాదు, తెల్ల ముక్క రంగు. నీళ్ళు కాస్త రంగు మారినా తెల్ల ముక్క తెల్లగానే ఉంటే ఆ గుడ్డతో భయం లేదు. నీళ్ళు తేటగా ఉన్నా తెల్ల ముక్కకు ఛాయ అంటితే అది మన బొంతకు శత్రువు. ప్రయోగశాలల్లో చేసేదీ ఇదే. పరీక్షించే గుడ్డకు తెల్లని పట్టీ కుట్టి ఉతికి, ఆ పట్టీకి ఎంత అంటిందో బూడిద రంగు పలకలతో పోల్చి 1 నుంచి 5 దాకా మార్కులు వేస్తారు. 5 అంటే ఏమీ అంటలేదని, 1 అంటే చాలా ఎక్కువగా అంటిందని.

ఇక అసలు పని. బొంతలోకి వెళ్ళే ప్రతి ముక్కనూ కత్తిరించక ముందే ఉతకాలి. జాకెట్టు కుట్టించే ముందు అస్తరు గుడ్డను తడిపి ఆరేసి ఇవ్వడం మన ఇళ్ళల్లో అందరికీ అలవాటే. చీరకు ఫాల్ కుట్టే ముందు కూడా తడుపుతాం. ఆ జాగ్రత్త బొంతకు ఎందుకో మరిచిపోతాం. బొంతకే అది ఎక్కువ అవసరం. బొంత బరువైనది, మందమైనది, తడిస్తే గంటల తరబడి ఆరదు. ఎర్ర ముక్క, తెల్ల ముక్క అంతసేపూ తడిగా ఒకదానినొకటి అంటుకుని ఉంటాయి.

రంగుల వారీగా వేరు చేయండి. ఎరుపు, మెరూన్, నలుపు, ముదురు నీలం, ముదురు ఆకుపచ్చ, ఇవి ఒక్కోటి ఒక్కో బకెట్‌లో. నూలు గుడ్డలైతే పొగలు వచ్చే వేడి నీళ్ళు పోసి, డిటర్జెంట్ వేసి, చేత్తో కాకుండా కర్రతో కలపండి. అరగంట ఉంచి ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ వేడి నీళ్ళు పోయండి. తేట నీళ్ళు వచ్చేదాకా ఇదే. రియాక్టివ్ రంగైతే నాలుగైదు నీళ్ళకు తేరుకుంటుంది. చల్లటి నీళ్ళతో చేస్తే మాత్రం పోవాల్సిన రంగు సరిగా కదలదు. ఇరుక్కున్న రంగును వదిలించేది వేడి. పట్టు ముక్కలకు, జరీ ఉన్నవాటికి ఈ పద్ధతి వాడకండి. అసలు ఉతికే బొంతలో వాటిని వేయకపోతేనే మంచిది.

నీళ్ళ గురించి పాతబస్తీవాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మన బోరు నీళ్ళు గట్టి నీళ్ళు. సున్నపు లవణాలు ఎక్కువ ఉన్న నీళ్ళలో రియాక్టివ్ రంగు మిగులు సరిగా కడుక్కుపోదు, సబ్బు కూడా తెల్లగా పేరుకుపోతుంది. కనీసం చివరి రెండు జాడింపులకైనా నల్లా నీళ్ళు పట్టి ఉంచుకోండి. ఒక ముచ్చట ఇక్కడ చెప్పాలి. చిరివేరు ఎరుపుకు అదే సున్నం మేలు చేసేది. సముద్రపు గవ్వల సున్నం కలిసిన తీరపు నేలలో పెరిగిన వేరే మంచి ఎరుపునిచ్చేదని పేరు. ఏ రంగుకు ఏ నీళ్ళు పడతాయో ఆ రోజుల్లో పనివాళ్ళకు చేతివేళ్ళ మీద ఉండేది.

ఇప్పుడు ఉప్పు సంగతి. దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది, కాస్త గట్టిగానే చెబుతాను. రంగు దిగే గుడ్డను ఉప్పు నీళ్ళలో నానబెట్టమని మన ఇళ్ళల్లో తరతరాలుగా చెబుతున్నారు. ఇప్పటి నూలు రంగుల మీద అది పని చేయదు. ఉప్పు రంగుకు ఏ బంధమూ వేయదు. రంగ్రేజ్ డేగ్చీలో ఉప్పు ఎప్పుడు వేస్తాడో గమనించండి. రంగు గుడ్డకు ఎక్కాల్సినప్పుడు వేస్తాడు. నీళ్ళలో ఉన్న రంగును నూలు మీదికి నెట్టడమే ఉప్పు చేసే పని. మరి మీ బకెట్‌లో ఎర్ర ముక్కతో పాటు తెల్ల ముక్క కూడా ఉంటే? నీళ్ళలోకి వచ్చిన ఎరుపును ఉప్పు ఆ తెల్ల ముక్క మీదికే నెడుతుంది. ఇంకో మోసం కూడా ఉంది. ఉప్పు నీళ్ళలో రంగు కదలక నీళ్ళు తేటగా కనబడతాయి. రంగు నిలిచిందని మనం సంబరపడతాం. తరవాత మామూలు నీళ్ళలో వేయగానే మళ్ళీ దిగుతుంది. వెనిగర్ కూడా అంతే. పట్టుకు, ఉన్నికి వేసే రంగుల్లో పులుపుకు పని ఉంది, నూలుకు లేదు. పటిక గొప్పదే, కానీ దాని చోటు రంగుకు ముందు, అదీ చెట్టు రంగులకు. కొన్న గుడ్డను పటిక నీళ్ళలో ముంచితే పక్కా రంగు అయిపోదు.

ఎన్ని నీళ్ళు మార్చినా వదులుతూనే ఉన్న ముక్క ఒకటి రెండు ఉంటాయి. అవి డైరెక్ట్ రంగువి అయి ఉంటాయి. వాటికి రెండు దారులు. రంగులమ్మే దుకాణాల్లో డై ఫిక్సర్ దొరుకుతుంది. రంగు అణువును పట్టుకుని నీళ్ళలో కరగని పెద్ద ముద్దగా మార్చడం దాని పని. సీసా మీద రాసిన కొలత ప్రకారం, ఆ ముక్కను విడిగా, ముందు బాగా కడిగాక వాడాలి. తరవాత మళ్ళీ తెల్ల ముక్క పరీక్ష చేయాలి. రెండో దారి, ఆ ముక్కను బొంతకు వాడకపోవడం. నన్నడిగితే రెండోదే మంచిది. ఎంత ముచ్చటైన ఎరుపైనా సరే, దాన్ని సంచికో, తలుపు తోరణానికో వాడుకోండి. నూరు ముక్కల మధ్య ఆ ఒక్కటీ పెట్టడం, పాల కుండలో ఉప్పుగల్లు వేయడమే.

ఇదంతా కుట్టక ముందు సంగతి. కుట్టడం అయిపోయి, ఉతికి, రంగు దిగిన బొంతను చేతిలో పట్టుకుని నిలబడినవాళ్ళ సంగతేమిటి? ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఆరబెట్టకండి. ఎండలో వేయకండి, ఇస్త్రీ అసలే పెట్టకండి. మూట కట్టి మూలన పెట్టడం అన్నిటికన్నా చెడ్డది. తడి మూటలో రాత్రంతా రంగు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కలోకి పాకుతూనే ఉంటుంది. వెంటనే పెద్ద డ్రమ్ము కానీ, నీళ్ళ తొట్టి కానీ చూసుకోండి. బొంత మొత్తం నీళ్ళలో ధారాళంగా కదిలేటంత చోటు ఉండాలి, ఇరుకుగా కుక్కకూడదు. గీజరు నీళ్ళంత వేడి నీళ్ళు నింపి, గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు ఉదారంగా పోయండి. బొంతను పూర్తిగా ముంచండి. ఏ మూలా నీళ్ళ పైకి తేలి ఉండకూడదు. తేలినచోట రంగు గీతలా నిలిచిపోతుంది. అలా రాత్రంతా, అంటే పన్నెండు గంటలు ఉంచండి. మధ్యలో ఒకటి రెండుసార్లు కర్రతో మెల్లగా తిప్పండి. వేడి రంగును వదిలిస్తుంది, సబ్బు ఆ రంగు మళ్ళీ గుడ్డ మీద కూర్చోకుండా నీళ్ళలోనే పట్టి ఉంచుతుంది. తెల్లవారి నీళ్ళు తీసేసి, రంగు ఇంకా కనబడితే మళ్ళీ అదే చేయండి. నీళ్ళు తేటపడి, తెల్ల ముక్కలు తెల్లబడేదాకా ఓపిక పట్టండి. అప్పుడు జాడించి, పరిచి, గాలి తగిలేలా ఆరేయండి. చాలా బొంతలు ఇలా తేరుకుంటాయి.

ఈ స్థితిలో మూడు పనులు చేయకండి. ఉప్పు వేయకండి, ఎందుకో చెప్పాను. ఫిక్సర్ పోయకండి. చోటు తప్పి తెల్ల ముక్క మీద కూర్చున్న రంగును కూడా అది అక్కడే బిగించేస్తుంది. బ్లీచింగ్ వేయకండి. మరకతో పాటు మంచి రంగూ పోతుంది, నూలు పోగు బలహీనపడుతుంది, త్వరగా చిరుగుతుంది. రంగ్రేజులు రంగు తీయడానికి హైడ్రోస్ అనే పొడి వాడతారు. దాని ఘాటు గొంతులోకి పోతుంది, పైగా అది మరకతో పాటు ముక్కల మంచి రంగునూ తీసేస్తుంది. ఇంట్లో పిల్లలున్నచోట దాని జోలికి పోవద్దు.

రజాయి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. దూది నింపిన రజాయిని నీళ్ళలో ముంచలేం. దూది గడ్డకట్టి, లోపల తడి నిలిచి, ముక్కిపోతుంది. అందుకే దానికి విడిగా గలేబు తొడగడం మంచి ఆచారం. గలేబును ముందే ఉతికి రంగు తేల్చుకోండి. లోపలి గుడ్డ మీద కూడా ఒరిపిడి పరీక్ష తప్పనిసరి. చంటిపిల్లల పక్క తడుస్తుంది, వానాకాలం చెమ్మ పడుతుంది, చెమట పడుతుంది. ఆ మాత్రం తడి చాలు రంగు అంటడానికి.

బట్టల దుకాణాలవాళ్ళు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే వాళ్ళకు ఒక మనవి. తానుకు ఒక చిన్న ముక్క మీరే ఉతికి, తెల్ల పట్టీతో కలిపి దుకాణంలో వేలాడదీయండి. కొనేవాళ్ళు కళ్ళతో చూసుకుంటారు. పక్కా రంగు అని వందసార్లు చెప్పే పని మీకు తప్పుతుంది, మంచి రంగు వేసిన అద్దకంవాళ్ళకు న్యాయం జరుగుతుంది.

శ్రోతల్లో ఎవరింట్లోనైనా రంగు దిగి, మనసు విరిగి, ట్రంకు పెట్టెలో అడుగున పెట్టేసిన బొంత ఉండవచ్చు. ఆరిపోయినా సరే, ఇస్త్రీ పెట్టి ఉండకపోతే ఇంకా ఆశ ఉంది. ఈ ఆదివారం దాన్ని బయటికి తీయండి. పెద్ద తొట్టిలో వేడి నీళ్ళు నింపండి, సబ్బు పోయండి, రాత్రంతా నాననివ్వండి. ఒకసారికి పోకపోతే రెండోసారి చేయండి.